తెలిసిన రోజు ధర

పుస్తకం ఫ్రిజ్ మీద లేదు.

టీచరు మూడోసారి స్టూలు ఎక్కి చూసింది. పాత కరెంటు బిల్లులున్నాయి, వెలగని టార్చిలైటు ఉంది, మూత పోయిన డబ్బా ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళుగా వాటి పక్కనే ఉంటూ వచ్చిన నల్లట్ట పుస్తకం మాత్రం లేదు. బుధవారం ఉత్తరం వచ్చిన రోజు నుంచీ లేదు.

“దిగు. నువ్వు పడితే అదొకటి,” అన్నాడు భర్త.

“మీరు తీశారా?”

“ఎన్నిసార్లు అడుగుతావు?”

“మీరు నిజం చెప్పేదాకా.”

అతను బల్ల మీది ఉత్తరాన్ని దగ్గరికి లాక్కున్నాడు. రెండు పేజీల ఉత్తరం. మూడు రోజుల్లో ముప్ఫైసార్లు చదివి ఉంటాడు. మళ్ళీ చదివితే అందులో మాటలు మారతాయేమోనన్న ఆశ అతనికి ఏ మూలో ఉన్నట్టుంది. మారలేదు. సోమవారం ఉదయం పది గంటలకి షేర్ మార్కెట్ బోర్డు ఆఫీసుకి రావాలి. అతనూ, అతని తల్లీ. సంబంధించిన కాగితాలన్నీ వెంట తేవాలి. ఇవాళ శనివారం, గోడ గడియారం తొమ్మిది దాటి పది నిమిషాలు చూపిస్తోంది.

పంపుల కంపెనీలో అందరూ అతన్ని ‘గడువుగారు’ అంటారు. కంపెనీ పెద్దలు తమ సొంత కంపెనీ షేర్లు కొన్నా, అమ్మినా ఆ సంగతి రెండు రోజుల్లోగా లోకానికి చెప్పితీరాలి. ఆ ఫారం నింపి స్టాక్ ఎక్స్ఛేంజి సైటులో పెట్టే పని అతనిది. పద్నాలుగేళ్ళలో ఒక్క గడువూ దాటనివ్వలేదు. వేళాకోళానికి పెట్టిన పేరే అయినా అతనికి లోలోపల అదంటే ఇష్టం. ఈ మూడు రోజులుగా మాత్రం ఎవరు ఆ పేరుతో పిలిచినా ఉలిక్కిపడుతున్నాడు.

“నేనే తీసి తగలబెట్టాననుకో,” అన్నాడు చివరికి. “ఏం చేస్తావు?”

“తగలబెట్టారా?”

“లేదు. తగలబెడితే పీడా పోతుందనిపిస్తోంది. నువ్వే ఆలోచించు. మొగుడు ఆఫీసులో ఫారాలు నింపుతాడు. పెళ్ళాం ఇంట్లో కూర్చుని ఏ కంపెనీలో ఏ పెద్దాయన కొన్నాడు, ఎంతకి కొన్నాడు, ఆ తర్వాత ఎంతైంది అని గళ్ళు గీసి మరీ రాస్తుంది. తల్లి షేర్లు కొంటుంది. సోమవారం వాళ్ళు అది చూసి, ఇది సంసారమా దుకాణమా అని అడిగితే నేనేం చెప్పను?”

“సంసారమే అని చెప్పండి. ఆ పుస్తకమే మనల్ని గట్టెక్కించేది. అది దొరక్కపోతేనే నాకు భయం.”

కిటికీ పక్కన కుట్టుమిషను టకటకలాడుతూనే ఉంది. అత్తగారు బుధవారం నుంచీ దాని ముందు నుంచి లేవడం లేదు. భోజనానికి పిలిస్తే వస్తుంది, రెండు ముద్దలు మింగి మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది.

“అమ్మా, కాస్సేపు అది ఆపుతావా?” అన్నాడు కొడుకు.

“ఆపితే మీ మాటలు వినాలి.”

“వినాల్సిందే. నీ గురించే కదా ఇదంతా.”

మిషను ఆగింది. అత్తగారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. ఊళ్ళో వాళ్ళ గొంతులన్నీ విని, ఒక్కరి మాటా ఇంకొకరికి చేరవేయకుండా రిటైరైంది. కొడుక్కి నోటి మీద అదుపు ఆమె దగ్గర నుంచే వచ్చిందంటారు.

“మూడు నెలల కిందట, నాలుగో తారీఖు, బుధవారం. మా ఛైర్మన్, పెద్దసారు, కంపెనీ షేర్లు కొన్నారు,” అతను వేళ్ళు మడుస్తూ చెప్పాడు. “ఆరో తారీఖు, శుక్రవారం పొద్దున్న పదింటికి నేను ఆ సంగతి సైటులో పెట్టాను. మధ్యలో ఉన్నది ఒక్క గురువారం. ఏడాది మొత్తంలో నీకు ఆ గురువారమే దొరికిందా?”

“గురువారం కొనకూడదని నాకెవరూ చెప్పలేదు.”

“అది కాదమ్మా. మా కంపెనీవే ఎందుకు కొన్నావు?”

“నువ్వు పనిచేసే కంపెనీ కదా. మంచిదే అయుంటుందనుకున్నా.”

“పద్నాలుగేళ్ళ నుంచీ అక్కడే ఉన్నాను. ఇన్నాళ్ళూ మంచిది కాలేదా?”

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. గుడ్డ సవరించింది. 

“నాలాంటి ఉద్యోగుల ఇంట్లో వాళ్ళు మా కంపెనీ షేరు కొనాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. అది కూడా నీకు తెలీదు.”

“తెలీదు.”

“మూడు వందల షేర్లు. మూడు వారాలుంచి అమ్మేశావు. మిగిలిందెంత? పట్టుమని రెండు నెలల అద్దె కూడా కాదు. దానికి నా ఉద్యోగం పోతుంది. లోపలి సంగతి బయటికి రాకముందే తెలుసుకుని కొని జైలుదాకా వెళ్ళినవాళ్ళున్నారని కంపెనీ సెక్రటరీగారు నిన్న చెప్పారు. అమ్మా, నాకు భయంగా ఉంది. నీకు ఎవరు చెప్పారో ఆ ఒక్క మాటా చెప్పు.”

“ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది.”

“అదే బ్రోకరుకి ఫోన్లో చెప్పావా? వాళ్ళు ప్రతి ఫోనూ రికార్డు చేస్తారు. సోమవారం వినిపిస్తారు.”

అత్తగారి పాదం పెడలు మీద కదిలింది. మిషను మళ్ళీ మొదలైంది.

టీచరు ఆమెనే చూస్తూ నిలబడింది. ఈ ఇంట్లో ఆ నల్లట్ట పుస్తకాన్ని మొదటి రోజు నుంచీ ఎగతాళి చేసిన మనిషి అత్తగారే. ‘జాతకాల పుస్తకం’ అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఇంటికొచ్చిన చుట్టాల ముందు, “మా కోడలు కంపెనీలకి జాతకాలు రాస్తుంది, మీకూ ఏదైనా కంపెనీ ఉంటే చెప్పండి,” అనేది. అలాంటి మనిషి ఏమీ తెలియకుండా, సరిగ్గా ఆ గురువారం, సరిగ్గా ఆ కంపెనీ షేర్లు కొన్నదంటే ఎవరు నమ్ముతారు? టీచరు నమ్మలేదు. కొడుకే నోరు జారి ఉంటాడనీ, తల్లి కాపాడుతోందనీ ఒక క్షణం అనిపించింది. వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

“ఇటు రండి,” అంది భర్తతో. “కూర్చోండి. నేను చెప్పేది ఒక్కసారి సరిగ్గా వినండి.”

“పాఠమా?”

“పాఠమే. ఆ పుస్తకంలో నేను ఎప్పుడు రాస్తాను?”

“ఆదివారం పొద్దున.”

“దేన్ని చూసి?”

“సైటు చూసి. మేం పెట్టినవే.”

“లోకమంతా చూసేశాక నేను చూస్తాను. అదీ నా పద్ధతి. పెద్దలు షేర్లు అమ్మితే నేను రాయను. ఇల్లు కట్టుకోడానికి అమ్ముతారు, పిల్లల చదువుకి అమ్ముతారు, దాంట్లో మనకి తెలిసేదేమీ లేదు. సొంత డబ్బు పెట్టి సొంత కంపెనీ షేరు కొంటే మాత్రం రాస్తాను. నెలకి ఎంతైంది, ఆర్నెల్లకి ఎంతైంది, ఏడాదికి ఎంతైంది. ఏడాది నిండేదాకా పెన్సిలుతో. నిండాక సిరాతో దిద్దుతాను. ఇప్పటికి రెండువందల పద్నాలుగు వరసలు.”

“ఇవన్నీ నాకు తెలుసు.”

“అందులో నాలుగో గడి సంగతి తెలుసా?”

అతను తల అడ్డంగా ఊపాడు. టీచరు బల్ల మీద వేలితో గళ్ళు గీసింది.

“మూడో గడిలో పెద్దాయన కొన్న ధర. నాలుగో గడిలో నాకు తెలిసిన రోజు ధర. అంటే నేను రాయడానికి కూర్చున్నప్పుడు మార్కెట్లో చివరిగా ఉన్న ధర. మొదటి రెండేళ్ళూ నాకు ఈ తెలివి లేదు. పెద్దాయన కొన్న ధర నుంచే లెక్క కట్టి, ఆహా ఏడాదికి నూటికి పద్దెనిమిది వచ్చిందని మురిసిపోయాను. తర్వాత బుర్రకి తట్టింది. ఆయన కొన్న ధర మనకెక్కడ దొరుకుతుంది? మనకి తెలిసేసరికి అది పెరిగిపోయి ఉంటుంది. తెలిసిన రోజు ధర నుంచి లెక్క కడితే ఆ పద్దెనిమిది కాస్తా తొమ్మిదయింది. అప్పటి నుంచీ ఆ గడి లేకుండా ఒక్క వరసా రాయలేదు.”

“అయితే?”

“అయితే మీ పెద్దసారు కొన్న వరసలో ఆ గడిలో ఎంతుంటుంది? శుక్రవారం మీరు సైటులో పెట్టగానే షేరు ఎగిరింది. ఆ సాయంత్రానికి రెండువందల ముప్ఫై ఒకటి. నేను ఎనిమిదో తారీఖు ఆదివారం రాస్తే అక్కడ రెండువందల ముప్ఫై ఒకటే ఉండాలి. బుధ, గురువారాల్లో రెండువందల పన్నెండు, పద్నాలుగు దగ్గరే ఉంది. అందుకని ఆ ఒక్క అంకె చాలు. శుక్రవారం ముందు ఈ ఇంట్లో ఎవరికీ తెలీదని అదే చెప్తుంది.”

అతను చాలాసేపు బల్ల మీది ఆ కనబడని గళ్ళవైపు చూశాడు. ఉత్తరం వచ్చాక మొదటిసారి అతని ముఖంలో కాస్త కళ కనిపించింది.

“నువ్వు చూశావా ఆ అంకె?”

“పుస్తకం కనబడితే కదా చూడ్డానికి. చూడక్కర్లేదు. నా పద్ధతి నాకు తెలీదా?”

“పదకొండింటికి సెక్రటరీగారు రమ్మన్నారు,” అన్నాడు మెల్లగా. “ఒక కాగితం తయారు చేశారట. ‘పెద్దసారు కొన్న సంగతి ప్రకటన వెలువడేదాకా నేను ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు’ అని. కంపెనీ జవాబుతో పాటు పంపిస్తారు. సంతకం పెట్టాక మాట మార్చడానికుండదు. పెట్టనా?”

“చెప్పలేదు కదా?”

“చెప్పలేదనే అనుకుంటున్నా. రాత్రంతా అదే ఆలోచన. నేనెప్పుడైనా నోరు జారానా?”

టీచరు నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వు అది. “మీ నోట్లోంచి ఆఫీసు మాట రావాలంటే పట్టకారు కావాలి. ధైర్యంగా పెట్టండి. పుస్తకం దొరకగానే ఆ పేజీ కూడా ఇస్తామని చెప్పండి.”

అతను లేచి చొక్కా మార్చుకున్నాడు. దువ్వెన తీసి తల కూడా దువ్వుకున్నాడు. గడప దాటబోతుంటే వెనక నుంచి మిషను ఠక్కున ఆగింది.

“ఒరేయ్,” అంది అత్తగారు.

“ఏంటమ్మా?”

ఆమె పెదవులు కదిలాయి. కొడుకు చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఎదురుచూస్తున్నాడు. కోడలు తలుపు పట్టుకుని ఎదురుచూస్తోంది.

“గొడుగు తీసుకెళ్ళు,” అంది అత్తగారు.

బయట ఎండ కాస్తోంది. అతను గొడుగు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

* * *

టీచరు గిన్నెలు కడిగింది. బడి నుంచి తెచ్చిన పరీక్ష పేపర్లు ముందేసుకుని రెండు దిద్ది, మూడోది దిద్దలేక పక్కన పెట్టింది. పుస్తకం ఎక్కడుండొచ్చో మళ్ళీ ఒక్కొక్క గదే తలుచుకుంది. మంచం కింద చూసింది, బట్టల బీరువా చూసింది, బియ్యం డబ్బా కూడా చూసింది. చూడనిదేదైనా ఉందా అని హాల్లో నిలబడి చుట్టూ చూస్తుంటే మిషను చప్పుడు చెవిలో పడింది. అది మామూలుగా లేదు. కుట్టేటప్పుడు గుడ్డలో సూది దిగే చప్పుడు వేరు.

ఆమె దగ్గరికి వెళ్ళింది. సూది పైకీ కిందకీ ఆడుతోంది. గుడ్డ కదులుతోంది. గుడ్డ మీద కుట్టు లేదు.

“అత్తయ్యా, సూదిలో దారం లేదు.”

“మూడు రోజులుగా లేదు,” అంది అత్తగారు తల ఎత్తకుండా. “ఇప్పుడా చూశావు?”

టీచరు ఇంకేమీ అడగలేదు. వంగి, మిషను పక్కన నేల మీదున్న చెక్క మూత ఎత్తింది. దాని కింద పాత దిండు గలీబు, గలీబులో నల్లట్ట పుస్తకం.

ముందు కోపం వచ్చింది. “మూడు రోజుల నుంచి ఇల్లంతా తలకిందులు చేస్తున్నాను. ఆయన్ని అనరాని మాటలన్నాను. మీరు ఇక్కడ కూర్చుని చూస్తున్నారా?”

“తెరవకు అమ్మాయ్.”

“తెరవక?”

“ఇలా ఇవ్వు. అక్కడే పెట్టెయ్. నేను సోమవారం వెళ్ళి, నాకే తోచి కొన్నానని చెప్తాను. ముసలిదాన్ని ఏం చేస్తారు?”

టీచరు అప్పటికే పేజీలు తిప్పుతోంది. సిరా వరసలు అయిపోయాయి, పెన్సిలు వరసలు వచ్చాయి. మూడు నెలల కిందటి పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది. పంపుల కంపెనీ. ఛైర్మన్. నాలుగో తారీఖు. కొన్న ధర రెండువందల పది.

తెలిసిన రోజు ధర, రెండువందల పన్నెండు.

తప్పు చదివాననుకుంది. కళ్ళు నులుముకుని చూసింది. పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. రెండు, ఒకటి, రెండు. ఆమె రాతే. రెండుకి కింద తోక కాస్త పైకి లేపి రాయడం ఆమెకి తప్ప ఎవరికీ అలవాటు లేదు.

బుధవారం సాయంత్రం మార్కెట్ మూసేటప్పటి ధర అది. గురువారం పొద్దున్న పేపర్లో వచ్చిన ధర.

గుర్తు రానక్కర్లేదని ఎంత అనుకున్నా గుర్తుకొచ్చింది. ఆ బుధవారం అతను ఆలస్యంగా వచ్చాడు. వంట చల్లారిపోయిందని ఆమె విసుక్కుంది. “ఏం చెయ్యను, పెద్దసారు ఇవాళ షేర్లు కొన్నారు, ఆ ఫారం తయారు చేసేసరికి ఈ వేళయింది,” అన్నాడు. అది ఆఫీసు మాట అని అతనికి తోచలేదు. ఆలస్యానికి కారణం చెప్పాడంతే. ఆమెకీ తోచలేదు. మర్నాడు పొద్దున్న పొయ్యి మీద పాలు కాగుతుంటే పేపరు తిరగేస్తూ, టీపొడి అయిపోయిందని గోడ క్యాలెండరు మీద రాసుకున్న చేత్తోనే పుస్తకం దింపి ఈ వరస కూడా రాసేసింది. తొమ్మిదేళ్ళ అలవాటు. చెవిన పడితే చెయ్యి దానంతటదే గళ్ళలోకి వెళ్తుంది. ఆదివారం సైటు చూసేటప్పుడు ఆ కంపెనీ పేరు రాగానే, ఇది ఎక్కించేశాను కదా అనుకుని దాటిపోయింది. ఎప్పుడు ఎక్కించిందో తనని తాను అడగలేదు.

 టీచరు మిషను పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

“నేనే,” అంది. “అత్తయ్యా, చెప్పింది ఆయన, రాసింది నేను.”

“చదివింది నేను,” అంది అత్తగారు. “నువ్వు బడికి వెళ్ళాక రోజూ చదువుతాను. నువ్వు పుస్తకం వీపు గోడవైపు పెట్టి వెళ్తావు. నేనూ చదివి వీపు గోడవైపే పెడతాను.”

“తొమ్మిదేళ్ళు ఎగతాళి చేశారు కదా.”

“ఎగతాళి చేస్తే నమ్మలేదనేనా? నువ్వు సిరాతో దిద్దినవన్నీ నాకు నోటికొచ్చు. ఎప్పుడూ కొనలేదు. మనకి తెలిసేసరికి ధర ఎగిరిపోతుందని నువ్వే రాసుకున్నావు. ఆ రోజు చూస్తే కొన్న ధరకీ తెలిసిన ధరకీ రెండే తేడా. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఈసారి కోడలు ముందుగా పట్టుకుంది, ఇదీ తెలివంటే అని సంబరపడి ఫోను చేశాను.”

టీచరుకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. పరీక్ష పేపర్ల సంచీలో చెయ్యి పెట్టి వెతికి రబ్బరు తీసింది. పెన్సిలు రాతే కదా. మూడు అంకెల్లో చివరి రెండూ చెరిపి, మూడూ ఒకటీ రాస్తే చాలు. రాత ఆమెదే, పెన్సిలు ఆమెదే, ఎవరికీ అనుమానం రాదు. పిల్లలు పరీక్షల్లో ఇలా చేస్తే ఆమె కాగితాన్ని వెలుగుకి పెట్టి పట్టుకునేది.

“చెరపకు. లాభం లేదు,” అంది అత్తగారు.

“పెన్సిలే కదా అత్తయ్యా.”

“ఫోన్లో నేనన్నది పెన్సిలు కాదు. అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ‘పంపుల కంపెనీ పెద్దాయన కొన్నాట్ట. మా కోడలు పుస్తకంలోకెక్కించింది. కోడలు ఎక్కించిందంటే ఇక చూసుకోనక్కర్లేదు. మూడొందలు తీసుకోండి,’ అన్నాను. ఆ అబ్బాయి ఏం పుస్తకమండీ అన్నాడు. తొమ్మిదేళ్ళ పుస్తకం బాబూ, మా కోడలు లెక్కల టీచరు, అన్నాను. నువ్వు చదువు చెప్పే బడి పేరు కూడా చెప్పాను.”

రబ్బరు టీచరు చేతిలోనే ఉండిపోయింది.

“ముప్ఫై ఏళ్ళు ఊరందరి మాటలూ విని కడుపులో దాచుకున్నాను,” అంది అత్తగారు. “నా సొంత మాట దాచుకోలేకపోయాను. వాడికి తెలిస్తే నిన్నేమంటాడోనని పుస్తకం తీసి దాచాను. నువ్వు చూడకుండానే అంత గట్టిగా చెప్పి వాణ్ణి సంతకానికి పంపిస్తావనుకోలేదు.”

సంతకం.

ఇద్దరూ ఒకేసారి గడియారం వైపు చూశారు. పదకొండు కావడానికి ఎనిమిది నిమిషాలుంది.

టీచరు అతని ఫోనుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. సెక్రటరీగారి గదిలోకి వెళ్ళేటప్పుడు అతను ఫోను బయట బల్ల మీద వదిలి వెళ్తాడు. అది కూడా అతని పద్ధతే.

“లే,” అంది అత్తగారు. హాల్లో మూల బల్ల మీది పాత ఫోను ఆమె పట్టుబట్టి ఉంచుకున్నది. రిసీవరు ఎత్తి, ఏ కాగితమూ చూడకుండా కంపెనీ ఆఫీసు నంబరు నొక్కి, కోడలి చేతికిచ్చింది.

“హలో, సెక్రటరీగారి ఆఫీసు,” అంది అవతల ఒక అమ్మాయి.

టీచరు భర్త గురించి అడిగింది.

“గడువుగారా అండీ? లోపలున్నారు. సెక్రటరీగారు, లాయరుగారు కూడా ఉన్నారు. ఏదో కాగితం చదువుతున్నారు. అర్జెంటైతే చెప్పండి, లోపలికి కలుపుతాను. స్పీకరు మీదే ఉంది.”

స్పీకరు.  ఏం చెప్పాలి? సంతకం పెట్టకండి అంటే ఎందుకని అడుగుతారు. సెక్రటరీ వింటాడు, లాయరు వింటాడు. మీరు ఇంట్లో చెప్పారు, నేను రాశాను అని ఆ గదిలో అందరి ముందూ తన గొంతుతో తనే చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే అతను అబద్ధం మీద సంతకం పెడతాడు, అది అబద్ధమని తెలియకుండానే. రెండింట్లో ఏది తక్కువ నష్టమో లెక్క వెయ్యడానికి ప్రయత్నించింది. రెండువందల పద్నాలుగు వరసల లెక్క వేసిన బుర్ర ఈ ఒక్కటీ వెయ్యలేకపోయింది.

“హలో, మేడం? కలపమంటారా?”

అత్తగారు పక్కనే నిలబడి ఉంది. చెప్పు అన్నట్టు తల ఊపింది. మళ్ళీ వద్దన్నట్టు ఊపింది. ఆవిడ కళ్ళల్లోనూ భయమే ఉంది.

“మేడం, వినబడుతోందా?”

“ఆ,” అంది టీచరు. “వినబడుతోంది. ఏం లేదమ్మా. పనయ్యాక త్వరగా ఇంటికి రమ్మని చెప్పు.”

“అంతేనాండి?”

“అంతే.”

రిసీవరు పెట్టేశాక కూడా ఆమె చెయ్యి దాని మీదే ఉంది.  అత్తగారు వెళ్ళి మిషను ముందు కూర్చుంది కానీ పెడలు తొక్కలేదు. ఆ నిశ్శబ్దంలో పన్నెండయింది. పన్నెండున్నరయింది.

* * *

మెట్ల మీద అడుగుల చప్పుడు తేలిగ్గా వినబడింది. అతను రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు.

“ఫోను చేశావట?” అన్నాడు చెప్పులు విప్పుతూ. ముఖం తేటగా ఉంది. “ఆ అమ్మాయి చెప్పేసరికి సంతకం పెట్టేశాను. మూడు కాపీల మీద పెట్టించారు. పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు. నువ్వు చెప్పిన ఆ నాలుగో గడి సంగతి సెక్రటరీగారికి చెప్పాను. లాయరుగారైతే, మీ ఆవిడ లాంటి మనిషి మా ఆఫీసులో ఉండాలన్నాడు. కాగితంలో ఆ మాట కూడా చేర్చారు.”

“ఏ మాట?” అంది టీచరు.

“అదే. ‘నా భార్య రాసుకునే పుస్తకంలో తెలిసిన రోజు ధర రెండువందల ముప్ఫై ఒకటి అని ఉన్నది’ అని. సాయంత్రంలోగా ఆ పేజీ ఇస్తే దానికి జతచేస్తారట. పుస్తకం దొరికిందా?”

 అతను తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. బల్ల మీద నల్లట్ట పుస్తకం కనబడింది. అతని ముఖం విచ్చుకుంది.

“దొరికిందన్నమాట. అందుకా ఫోను చేసింది?” అంటూ వెనక వరండాలో పంపు దగ్గరికి నడిచాడు. “ఆకలేస్తోంది. మూడు రోజుల తర్వాత ఆకలంటే ఏంటో ఇవాళ తెలుస్తోంది. వడ్డించు. ఆ పేజీ కూడా తీసిపెట్టు, తింటూ చూస్తాను.”

పంపు తిప్పిన చప్పుడైంది. నీళ్ళు పడుతున్నాయి. అత్తగారు లేచి కోడలి దగ్గరికి వచ్చి, ఆమె గుప్పిట విప్పి రబ్బరు తీసుకుంది. తీసుకుని ఏం చెయ్యాలో తోచక అలాగే పట్టుకుని నిలబడింది.

టీచరు కంచం పెట్టింది. మంచినీళ్ళు పెట్టింది. పుస్తకం తెరిచి కంచం పక్కన పెట్టి, ఆ వరస మీద, నాలుగో గడి మీద వేలు ఆనించింది. చెప్పాలనే అనుకుంది. అతను వచ్చి కూర్చోగానే చెప్పేయాలనుకుంది.

అతను వచ్చి కూర్చున్నాడు. తడిచేతులు చొక్కాకి తుడుచుకుని, కంచం కాస్త పక్కకి జరిపి పుస్తకం మీదికి వంగాడు.

“కనబడటం లేదు,” అన్నాడు నవ్వుతూ. “వేలు తియ్యి.”